చెక్కపని మనకెందుకు వద్దు?

సెకండియర్ వాళ్లకి స్కిల్ కోర్సుల లిస్టు వచ్చింది. కుట్టుపని, బ్యూటీషియన్, కంప్యూటర్ బేసిక్స్, స్పోకెన్ ఇంగ్లీషు. వీటిలో ఏదీ పనికిరాదని అనను, కుట్టుపని నేనే నేర్చుకోవాలనుకుంటున్నాను. కానీ లిస్టులో రంపం, ఉలి, చిత్రిక ఎక్కడా లేవేం? ఈ ప్రశ్న నాకు రావడానికి కారణం సర్ఫ్‌బోర్డులు. నవ్వకండి, చెప్తాను.

సర్ఫ్‌బోర్డు అంటే అల మీద నిలబడి జారడానికి వాడే పొడవాటి పలక. ఇప్పుడు దొరికేవి చాలావరకు లోపల ఫోమ్, పైన ఫైబర్‌గ్లాస్. అయితే అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో యార్క్ అనే ఊళ్లో గ్రెయిన్ సర్ఫ్‌బోర్డ్స్ అని, ఇంగ్లండులో కార్న్‌వాల్ తీరాన ఓటర్ సర్ఫ్‌బోర్డ్స్ అని రెండు చిన్న కార్ఖానాలు ఉన్నాయి. అక్కడ లోపల బోలుగా ఉండే చెక్క బోర్డులు చేస్తారు. చెయ్యడమే కాదు, నేర్పుతారు కూడా. వడ్రంగం బొత్తిగా తెలియనివాళ్లు కూడా కొద్దిమంది కలిసి కొన్ని రోజులు అక్కడ పనిచేసి, ఎవరి బోర్డు వాళ్లు చంకన పెట్టుకుని ఇంటికెళ్తారు. నేను వెళ్లలేదు, వెళ్లే స్తోమతూ లేదు. సెలవుల్లో వీడియోలు చూశాను. ఒకటి చూస్తే ఇంకోటి, అలా రాత్రి ఒంటిగంట దాకా.

ముందు సన్నని ప్లైవుడ్‌తో ఒక వెన్నుపట్టె, దానికి అడ్డంగా పక్కటెముకలు. చేప తినేశాక కంచంలో మిగిలిన ముల్లు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. దానికి అడుగున వేలి మందం కూడా లేని సీడర్ చెక్క పలకలు అంటిస్తారు. అంచుల దగ్గర సన్నని బద్దలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వస్తారు. ఒక బద్ద అంచు గుండ్రంగా ఉంటే దాని మీది బద్దకి గాడి ఉంటుంది. అందుకే ఎంత వంపు తిరిగినా మధ్యలో సందు రాదు. ఆఖర్న పైపలక మూస్తారు. మూశాక లోపల చేసినదంతా మరి ఎవరికీ కనిపించదు. ఆ తర్వాత చిత్రిక, గరుకు కాగితం, పైన గ్లాసు గుడ్డ, ఎపాక్సీ. నాకు బాగా నచ్చింది చిన్న బిరడా సంగతి. బోర్డు ఎండలో ఉంటే లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది, అతుకులు విడిపోవచ్చు. అందుకని ఒడ్డున ఉన్నప్పుడు బిరడా తీసేస్తారు, నీళ్లలోకి దిగేముందు గుర్తుపెట్టుకుని బిగిస్తారు.

ఇది గుంపుగా ఎందుకు నేర్చుకోవాలో జిగురు దగ్గర తెలుస్తుంది. జిగురు ఆరిపోయేలోపు బోర్డు చుట్టూ బోలెడన్ని క్లాంపులు బిగించాలి, మనిషికి ఉన్నవి రెండే చేతులు. అందుకని ఒకరి బోర్డుకి జిగురు పెట్టే టైముకి మిగతావాళ్లు సొంత పని వదిలేసి వచ్చేస్తారు. ఒకళ్లు పట్టుకుంటారు, ఒకళ్లు బిగిస్తారు, ఇంకొకళ్లు కారిన జిగురు తుడుస్తారు. తర్వాత ఇంకొకరి వంతు. మన గ్రూప్ ప్రాజెక్టుల్లో ఒకమ్మాయి టైపు చేస్తుంది, ఐదుగురి పేర్లు పడతాయి. అక్కడ అలా కుదరదు. చెయ్యి వెయ్యకపోతే పలక అంటుకోదు.

ఇదేం కొత్త విద్య కాదు. టామ్ బ్లేక్ అనే అమెరికా ఆయన 1920ల్లో హొనొలులులోని బిషప్ మ్యూజియంలో పాత హవాయి బోర్డుల్ని బాగుచేశాడు. అలాంటిదే ఒకటి చెయ్యబోతూ, బరువు తగ్గడానికి చెక్క నిండా బెజ్జాలు వేసి, వాటిని పల్చటి చెక్కతో మూసేశాడు. రానురాను ఆ బెజ్జాలు పోయి ఎముకల గూడు వచ్చింది. 1932లో పేటెంటు కూడా తీసుకున్నాడు. పేటెంటు కాయితం మీద ఉన్నది ఆయన పేరే, ఆ ఆకారాన్ని ఏనాడో చెక్కిన హవాయివాళ్ల పేరు కాదు. ఇది నాకు నచ్చలేదు. కానీ ఒక మంచి కూడా జరిగింది. 1930ల్లోనే ఆ నమూనా అమెరికా పత్రికల్లో అచ్చయింది, అది చూసి కుర్రాళ్లు ఇళ్ల దగ్గర షెడ్లలో సొంతంగా చేసుకున్నారు. తర్వాత ఫోమ్ వచ్చి చెక్కని పక్కకి నెట్టేసినా విద్య చచ్చిపోలేదు. కాయితం మీద ఉంది కాబట్టి మళ్లీ ఎవరో తీసి నేర్పడం మొదలెట్టారు.

ఇప్పుడు మన సంగతి చూడండి. బరంపురానికి 16 కిలోమీటర్ల దూరంలో గోపాల్‌పూర్. అక్కడ వేటకెళ్లే తెలుగువాళ్లని ఒడియాలో నోలియాలంటారు. వాళ్ల తెప్ప బోలుది కాదు, దుంగలు తాళ్లతో కట్టినది. సర్ఫ్‌బోర్డు నీళ్లని లోపలికి రానివ్వకుండా తేలుతుంది. తెప్ప అయితే దుంగల సందుల్లోంచి నీళ్లని రానిస్తుంది, పోనిస్తుంది, అందుకే మునగదు. ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి దుంగలు ఆరబెడతారు. ఇంగ్లీషులో కాటమరాన్ అనే మాట తమిళంలోని కట్టుమరం నుంచే వెళ్లింది. చివరికి తెప్పకీ సర్ఫ్‌బోర్డుకీ పట్టిన గతి ఒకటే: లోపల ఫోమో థర్మాకోలో, పైన ఫైబరు. తేడా ఏంటంటే, వాళ్లు బోర్డు చెయ్యడం నేర్పడానికి క్లాసు పెట్టారు. మనం పెట్టలేదు.

మా తాత తెప్పలు కట్టేవాడు. మావయ్యకి ఇప్పుడు ఫైబర్ బోటు, ఇంజను ఉన్నాయి. అందులో తప్పేం లేదు, సముద్రం మీద బతికేవాడు ఏది సుళువో అదే వాడతాడు. అమ్మ చిన్నప్పుడు తాతకి తాళ్లు అందించేదట, ముడి మాత్రం వెయ్యనిచ్చేవారు కాదట. ఆ ముడి ఎట్నుంచి ఎటు తిరుగుతుందో నోటితో చక్కగా చెప్తుంది. చేసి చూపించవే అంటే నా చున్నీతో కాసేపు తిప్పలు పడి, "చూశాను గానీ చెయ్యలేదు కదే" అంది. తాత లేడు. మావయ్యకి కొంత గుర్తుంది. ఆ తర్వాత ఎవరికి?

తెలుగు డిపార్ట్‌మెంట్ గోడ మీద ఈ గొడవంతా ఎందుకని అడగొచ్చు. విమర్శ వ్యాసాల్లో మనం "వాక్యాన్ని చిత్రిక పట్టారు" అని రాస్తుంటాం, మార్కులు కూడా పడతాయి. మా సెక్షన్లో ఎనిమిదిమందిని అడిగాను, చిత్రిక ఎప్పుడైనా చూశారా అని. చూసింది ఒక్కర్తి, వాళ్ల నాన్న వడ్రంగి. మిగతా ఏడుగురికీ అది ఒట్టి అలంకారం. బాడిస, బరమా అన్న మాటలైతే అసలు విననే లేదన్నారు. పని చేసే చెయ్యి ఆగిపోతే ఆ మాట నిఘంటువులోకి పోయి పడుకుంటుంది. ఒడియా మధ్యలో పెరుగుతున్న మనకి అది ఇంకా తొందరగా జరుగుతుంది. ఇంట్లో రోజూ చూస్తున్నాం కదా.

దీని గురించి మాట్లాడినప్పుడు మూడు మాటలు విన్నాను. చెయ్యి తెగితే ఎవరు బాధ్యులు అన్నది ఒకటి. కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తున్నప్పుడు ఎవరూ అడగరు ఈ మాట. డిగ్రీ చదివి వడ్రంగం చేస్తావా అన్నది రెండోది. కుట్టుపని నేర్చుకున్నవాళ్లందరూ టైలర్లు అవుతున్నారా? పైగా ఆ మాటలో వడ్రంగి మీద చిన్నచూపు ఉంది, అది నాకు కోపం తెప్పించింది. మూడోది మాత్రం ఒప్పుకోవాల్సిన మాటే. అది డబ్బున్నవాళ్ల సరదా అన్నారు. నిజమే, ఆ క్లాసుల ఫీజు మన డబ్బుల్లో లక్ష దాటుతుంది. నాలుగు రోజులు రంపం పట్టుకున్నంత మాత్రాన ఎవరూ వడ్రంగులు అయిపోరన్నది కూడా నిజమే.

అందుకని నేను అడిగేది ఆ బోర్డు కాదు, ఆ పద్ధతి. కొద్దిమంది, కొద్ది రోజులు, ఎదురుగా పని తెలిసిన మనిషి, చివర్న ఇంటికి తీసుకెళ్లడానికి ఒక వస్తువు. దసరా సెలవులకి ముందు ఒక ఐదు రోజులు చాలు. బరంపురం నుంచి ఒక వడ్రంగి, గోపాల్‌పూర్ నుంచి తెప్ప కట్టిన పెద్దాయన ఒకరు. వాళ్లకి టీ బిస్కట్లతో సరిపెట్టకూడదు, గెస్ట్ లెక్చరర్‌కి ఎంత ఇస్తారో అంత ఇవ్వాలి. తలా ఒక పీట చేసుకుంటాం, అందరం కలిసి ఒక చిన్న తెప్ప కడతాం. ముడులు వేసేది మనమే, తాళ్లు అందిస్తూ నిలబడం. వాళ్లు పని చేస్తూ వాడే ప్రతి మాటా ఒక నోట్‌బుక్కులో రెండు వరసల్లో రాద్దాం, ఒక వరస తెలుగు, ఒక వరస ఒడియా. అది డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో ఉంటుంది.

ఇప్పటికి ఐదుగురం ఉన్నాం. పదిమంది అయితే హెచ్‌ఓడీ మేడమ్ గారిని కలుద్దాం. వస్తామన్నవాళ్లు ఈ కాయితం కింద ఖాళీలో పేరు, సెక్షన్ రాయండి. పెన్నుతో రాయండి, పెన్సిలుతో రాస్తే ఎవరో ఒకరు చెరిపేస్తారు.