ఎదుటివాడి మెడ మన చేతుల్లో



హాస్టల్ వార్షికోత్సవ సంచికలో జపాన్ కుస్తీ గోల ఏమిటని కొందరు అనుకోవచ్చు. మన హాస్టళ్లలో ఒక తరం మొత్తం డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. బొమ్మల కార్డులతో పెరిగింది. ఎవరి ఎత్తెంత, ఎవరి బరువెంత, ఎవరిది ఎన్నో ర్యాంకు అనేవి మనకు ఎక్కాల కంటే ముందే నోటికొచ్చాయి. ఆ రోజుల్లో మనందరం విన్న మాట ఒకటుంది: "అదంతా ఉత్తుత్తి కొట్లాటరా, ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు." ఆ మాట నిజమే. ప్రొఫెషనల్ రెజ్లింగులో గెలుపోటములు ముందే నిర్ణయమవుతాయి. జపాన్‌లోనూ అంతే. కానీ ఆ ఒక్క మాటతో చర్చ ముగిసిందనుకుంటే పొరపాటని మా అభిప్రాయం. ఫలితం ముందే తేలిపోయిన ఆటలో ఇద్దరు మనుషులు ఏళ్ల తరబడి ఏం పణంగా పెట్టారో చూస్తే, ఫలితం తెలియని మన ఆటలకూ చదువులకూ పనికొచ్చే సంగతి దొరుకుతుంది.

ఆ ఇద్దరి పేర్లు మిత్సుహారు మిసావా, తోషియాకి కవాడా. మిసావా 1962లో పుట్టాడు. కవాడా 1963లో పుట్టాడు. జపాన్‌లోని తోచిగి ప్రాంతంలో అషికాగా అనే ఊరుంది. అక్కడి ఒక హైస్కూలు కుస్తీ జట్టులో మిసావా సీనియర్, కవాడా ఒక ఏడాది జూనియర్. సీనియర్ అంటే ఎంత బరువైన మాటో మన హాస్టల్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. జపాన్‌లో అది ఇంకా బరువైనది. అక్కడ సీనియర్‌ని 'సెంపాయ్' అంటారు, జూనియర్‌ని 'కోహాయ్' అంటారు. ఆ వరుస బడితో పోదు, బతికినంతకాలం వెంట వస్తుంది. మిసావా 1981లో జెయింట్ బాబా నడిపే ఆల్ జపాన్ సంస్థలో చేరి బరిలోకి దిగాడు. మరుసటి ఏడాది కవాడా కూడా అక్కడికే వచ్చాడు. ఎంత పేరు వచ్చాక కూడా కవాడా తన సీనియర్‌ను 'మిసావా సాన్' అనే పిలిచాడు. మన భాషలో 'మిసావా గారు' అన్నట్టు.

1984 నుంచి మిసావా 'టైగర్ మాస్క్' అనే ముసుగు వేసుకుని ఆడాడు. 1990 మే 14న టోక్యోలో ఒక జోడీ పోటీ జరుగుతుండగా తన ముసుగు తాళ్లు విప్పమని జోడీగా ఉన్న కవాడాకే చెప్పాడు. జూనియర్ విప్పాడు. సీనియర్ తన సొంత ముఖంతో, సొంత పేరుతో నిలబడ్డాడు. మరికొద్ది రోజులకే, జూన్ 8న, అప్పటి మహామల్లుడు జంబో సురుతాను ఓడించాడు. ఆ తర్వాత మూడేళ్లు ఇద్దరూ ఒకే జట్టు. 1993లో కవాడా విడిపోయి అకిరా తావుయేతో జతకట్టాడు. ఎప్పటికీ రెండోవాడిగా ఉండిపోవడం ఇష్టం లేనివాడు ఎదురుగా వెళ్లి నిలబడక తప్పదు.

తర్వాతి కథ అంకెల్లో చెప్పుకోవచ్చు. ఆ సంస్థలో అతిపెద్ద పతకం ట్రిపుల్ క్రౌన్. దానికోసం 1992 అక్టోబరు నుంచి 1997 జూన్ వరకు కవాడా ఐదుసార్లు మిసావాను ఢీకొన్నాడు. ఐదుసార్లూ ఓడాడు. 1998 మే 1న, ఆల్ జపాన్ మొదటిసారి టోక్యో డోమ్‌లో ప్రదర్శన పెట్టిన రోజున, మిసావాను ఓడించి ఆ పతకం అందుకున్నాడు. ఇదంతా ముందే రాసుకున్నదే కదా అంటే, అవును. కానీ దెబ్బలు రాసుకున్నవి కావు.

ఇక్కడ ఈ ఆట ఎలా నడుస్తుందో కాస్త చెప్పుకోవాలి. పైకెత్తి కిందపడేసే పట్టులో పడేవాడికి ఉన్న రక్షణ కొంచెమే. గడ్డం ఛాతీకి ఆనించాలి, వీపు మొత్తం ఒకేసారి నేలకు తాకేలా చూసుకోవాలి, చేతులు చాచి నేలను చరచాలి. అప్పుడు దెబ్బ ఒక్కచోట పడకుండా వీపంతా పంచుకుంటుంది. మిగతా రక్షణంతా ఎత్తినవాడి చేతిలోనే ఉంటుంది. వాడు ఒక్క అంగుళం తప్పితే వీపుకు బదులు మెడ నేలకు తాకుతుంది. అంటే కొట్లాటలా కనిపించే ఆ పని నిజానికి ఒకరి ప్రాణాన్ని ఇంకొకరు మోయడం. పగవాడిగా కనిపించే మనిషికే తన మెడను అప్పగించాలి. మిసావా, కవాడా ఆ పని ఎన్ని రాత్రులు చేశారో లెక్కపెట్టడం కష్టం.

అయితే ఆ నమ్మకాన్నే వాళ్లు అంచుల దాకా లాగారు. మిసావాకు 1991లో మొదలైన ఒక పట్టు ఉంది, దాని పేరు 'టైగర్ డ్రైవర్ 91'. ఎదుటివాడి రెండు చేతులూ వెనక్కి బిగించి, తలా మెడా నేలకు తగిలేలా పడేసే పట్టు అది. చేతులు బందీ కాబట్టి పడేవాడు నేలను చరచడానికి కూడా ఉండదు. 1994 జూన్ 3న బుడోకాన్ హాలులో మిసావా దాన్ని కవాడా మీద వాడాడు. ఆ పోటీని నేటికీ రెజ్లింగ్ చరిత్రలో గొప్పవాటిలో ఒకటిగా చెబుతారు. 1999 జనవరి 22న ఒసాకాలో ఇంకొకటి జరిగింది. ఆట మధ్యలో కవాడా ముంజేతి ఎముక విరిగింది. అయినా ఆపలేదు. మిసావాను భుజాల మీదికి ఎత్తబోయి, చేతిలో బలం లేక పూర్తిగా ఎత్తలేకపోయాడు. మిసావా తలకిందులుగా నేలమీద పడ్డాడు. ఆ రాత్రి గెలిచింది కవాడా. కానీ విరిగిన చేతితో పతకం ఉంచుకోలేక వదులుకున్నాడు. తొమ్మిది రోజులకు, జనవరి 31న, ఇద్దరికీ గురువైన జెయింట్ బాబా కన్నుమూశాడు.

బాబా తర్వాత మిసావా ఆల్ జపాన్‌కు అధ్యక్షుడయ్యాడు. కానీ సంస్థ నడపడంలో బాబా భార్యకూ అతనికీ పొసగలేదు. 2000 సంవత్సరంలో మిసావా బయటికొచ్చి 'నోవా' అనే కొత్త సంస్థ పెట్టాడు. ఆల్ జపాన్‌లోని జపాన్ మల్లులు దాదాపు అందరూ అతని వెంట నడిచారు. ఆగిపోయినవాళ్లు ఇద్దరే: పాతతరం ఫుచి, ఇంకొకరు కవాడా. ఆ పాత ఇంటిని నిలబెట్టే భారం కవాడా మీద పడింది. అదే ఏడాది అక్టోబరులో ప్రత్యర్థి సంస్థ న్యూ జపాన్ గడ్డమీదికి, టోక్యో డోమ్‌కు వెళ్లి కెన్‌సుకె ససాకిని ఓడించాడు. 2003 నుంచి 2005 వరకు ట్రిపుల్ క్రౌన్‌ను పదిసార్లు కాపాడుకున్నాడు. ఈలోగా సీనియర్ కట్టిన కొత్త ఇల్లు కూడా పెద్దదైంది. ఇద్దరి మధ్య మాత్రం ఐదేళ్లు పోటీ లేదు.

అలా వచ్చింది 2005 జూలై 10. టోక్యో డోమ్‌లో నోవా పెట్టిన ఆ పెద్ద ప్రదర్శనకు 60 వేలకు పైగా జనం వచ్చారని ప్రకటించారు. ఆఖరి పోటీ మిసావా, కవాడాలది. మిసావాకు 43 ఏళ్లు, కవాడాకు 41. ఇద్దరి మెడలూ మోకాళ్లూ అప్పటికే అరిగిపోయాయి. పతకమేదీ పందెంలో లేదు. సుమారు 27 నిమిషాలు ఒకరు తన్నారు, ఒకరు మోచేత్తో కొట్టారు. మిసావా గెలిచాడు. వాళ్లిద్దరూ ఒంటరిగా ఎదురెదురు నిలబడడం అదే చివరిసారి.

ఈ పోటీ మీద అభిమానుల్లో రెండు మాటలున్నాయి. ఆలస్యమైపోయింది, 1994 నాటి వేగం లేదు, పాత పేరు అమ్ముకున్నారని కొందరంటారు. ఇంటిని వదిలి వెళ్లినవాడే గెలవడం ఉన్నవాడికి అన్యాయమని మరికొందరంటారు. రెండింటితోనూ మేము ఏకీభవించలేం. వేగం తగ్గిన మాట నిజమే. కానీ ఐదేళ్ల ఎడబాటు తర్వాత, వేర్వేరు ఇళ్ల మనుషులుగా వచ్చి కూడా, మళ్లీ ఒకరి చేతిలో ఒకరు మెడ పెట్టారు. అది స్నేహితులు చేసుకునే పని కాదు, శత్రువులు చేయగలిగిన పని అసలే కాదు. ఇక ఎవరిది న్యాయమంటే, వెళ్లినవాడు కట్టిన నోవా ఉంది, ఉన్నవాడు కాపాడిన ఆల్ జపాన్ కూడా ఉంది. రెండు సంస్థలూ నేటికీ నడుస్తున్నాయి. ఆ రాత్రి స్కోరు కంటే ఈ లెక్క పెద్దది.

మా అభ్యంతరం వేరేచోట ఉంది. పోటీ గొప్పతనాన్ని దెబ్బ తీవ్రతతో కొలిచే అలవాటు ఒకటి ఆ రోజుల్లో పెరిగింది. నిన్న మెడమీద పడితే ఈరోజు ఇంకాస్త ఎత్తునుంచి పడాలి. జనం చప్పట్లు కొట్టారు, సంస్థలు టికెట్లు అమ్ముకున్నాయి, పత్రికలు మార్కులు వేశాయి. ఆగమని చెప్పవలసినవాళ్లు చెప్పలేదు. 2009 మార్చిలో నోవాకు పెద్ద టీవీ ఛానెల్ ప్రసారం ఆగిపోయింది. అధ్యక్షుడు మిసావా మాత్రం బరిలో దిగుతూనే ఉన్నాడు. 2009 జూన్ 13న హిరోషిమాలో ఒక జోడీ పోటీలో, అంతకుముందు ఎన్నోసార్లు తిన్న మామూలు బ్యాక్‌డ్రాప్ ఒకటి తిన్నాడు. మళ్లీ లేవలేదు. మెడలోని వెన్నుపాము దెబ్బతింది. వయసు 46. ఇంకో ఐదు రోజుల్లో పుట్టినరోజు. ఆ పట్టు వేసినవాడి తప్పేమీ లేదు. ఆ మెడమీద అప్పటికే ఎన్నో ఏళ్ల బరువు పడింది, ఆ బరువుకు చప్పట్లు కొట్టినవాళ్లలో వీడియోలు చూసి ఈలలు వేసిన మనలాంటివాళ్లూ ఉన్నారు. మరుసటి ఏడాది కవాడా టోక్యోలో ఒక రామెన్ హోటల్ తెరిచాడు. వీడ్కోలు పోటీ ఏదీ ఆడకుండానే బరికి దూరమయ్యాడు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! జపాన్ మల్లుల కథ మీకు ఇంతసేపు చెప్పింది రెండు మాటల కోసం.

మొదటిది: పోటీదారుడంటే మనల్ని పెంచేవాడు. కవాడా లేని మిసావాను ఎవరూ గుర్తుపెట్టుకోరు, మిసావా లేని కవాడానూ అంతే. మన హాస్టల్‌లో ర్యాంకు కోసం, కబడ్డీ జట్టులో చోటు కోసం, వక్తృత్వ పోటీలో బహుమతి కోసం మనకు ఎదురొచ్చేవాడు మన పక్క మంచం వాడే. వాడి నోట్సు దాచేస్తేనో, సీనియర్‌నన్న పేరుతో వాడిని తొక్కేస్తేనో మన ర్యాంకు పెరగదు. వాడు బాగా చదివితేనే మనం నిద్ర మానుకుని చదువుతాం. కూతకొచ్చినవాడి చీలమండ దొరికినప్పుడు వాడిని ఆపడం మన ఆట, వాడి మోకాలు విరవకుండా ఆపడం మన బాధ్యత.

రెండోది: నొప్పి దాచుకోవడం మగతనమూ కాదు, గొప్పతనమూ కాదు. టోర్నమెంటు ఉందని బెణికిన కాలికి గుడ్డ కట్టుకుని దిగే పిల్లలు ప్రతి హాస్టల్‌లోనూ ఉన్నారు. పరీక్షలని జ్వరం దాచుకునేవాళ్లూ ఉన్నారు. మన ఇళ్లనుంచి వచ్చిన ఆస్తి ఈ ఒళ్లొక్కటే అని మరిచిపోవద్దు. అలాంటివాడు కనిపిస్తే "భలే గట్టోడురా" అని భుజం తట్టకండి. చెయ్యి పట్టుకుని వార్డెన్ గారి దగ్గరికి తీసుకెళ్లండి. వాడు మీ జట్టువాడైనా సరే, ఎదుటి జట్టువాడైనా సరే. ఆ రోజు ఆట పోతే పోనివ్వండి. మళ్లీ ఏడాది వాడితోనే కదా మీరు ఆడవలసింది!