గదిలో పూసే కుంకుమపువ్వు

కాశ్మీరంలోని పాంపోర్ మెట్ట నేలలలో అక్టోబరు చివర ఊదారంగు పూలు తలలెత్తుతాయి. ఎండ ముదరకముందే వాటిని కోయాలి. తక్కిన పనంతా ఇంటిలోనే. కుటుంబమంతా కూర్చుండి, ఒక్కొక్క పువ్వునుండి మూడేసి ఎర్రని కీలాగ్రాలను చేతితో గిల్లి వేరుచేస్తారు. కిలో కుంకుమపువ్వుకు సుమారు 1,50,000 పూలు కావాలి. ధర విని నిట్టూర్చే గృహిణి ఆ వ్రేళ్ళ శ్రమను కూడా లెక్కలో వేసుకోవాలి!

ఈ మొక్కకు విత్తనం కట్టదు. దుంపయే దాని సంతానం. పూతకు ముందు వానలు ముఖం చాటేస్తే పంట సన్నగిల్లుతుంది. 2010లో కేంద్ర ప్రభుత్వం జాతీయ కుంకుమపువ్వు మిషన్‌ను ఆరంభించినా, నీరు అన్ని పొలాలకూ చేరలేదు. అందుకే కొందరు రైతులు దుంపలను గదిలో ట్రేలలో పేర్చుతున్నారు. చల్లదనం, గాలిలో తేమ, తగినంత వెలుతురు ఉంటే చాలు. మన్ను లేకుండానే, దుంప తనలో దాచుకొన్న ఆహారంతో పువ్వు విచ్చుకొంటుంది. అయితే అంతటితో దుంప డస్సిపోతుంది. పూత ముగియగానే మట్టిలో నాటితేనే పిల్లదుంపలు పుడతాయి. పొలం అమ్ముకొని గదినే నమ్ముకొన్నవానికి కొన్నేళ్ళకు ట్రేలో పేర్చడానికి దుంపలే మిగలవు.