ఇరవై రెండున్నర రూపాయల ఉద్యోగం

క్రికెట్ పందేలనే ఉద్యోగంగా చేసుకుంటామనే పిల్లలు హైదరాబాద్‌లోని మా అశోక్ నగర్‌లో ఉన్నారు. సరదాకి అనే మాట కాదది, నమ్మి చెబుతారు. నారాయణగూడలో ఒక కాలేజీలో చాలా ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను నేను. మా మేడమీద గదుల్లో గ్రూప్స్ సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలే అద్దెకుంటారు. పోయిన ఐపీఎల్ రోజుల్లో వాళ్లలో ఒకతను, నల్లగొండ జిల్లా వాడు, బీటెక్ చదివినవాడు, ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఏ గ్రౌండులో ఎంత స్కోరు నిలుస్తుంది, రాత్రి మంచు పడితే రెండో ఇన్నింగ్స్‌లో బంతి ఎలా జారుతుంది, ఏ బ్యాటరు ఎడమచేతి స్పిన్‌కు తడబడతాడు, అన్నీ గళ్లు గీసి రాసుకున్నాడు. "మేడం, ఇది లక్కు కాదు. స్కిల్లు. వందకు యాభై అయిదు కరెక్ట్ చెప్తున్న. జాబు వచ్చేదాంక ఇదే చేస్త" అన్నాడు.

ఆ పుస్తకంలో నాకు దురాశ కనిపించలేదు. పని దొరకని తెలివి కనిపించింది. అందుకే జూదం తప్పు, ధర్మరాజు ఏమయ్యాడో చూడు అనే మాటలు ఎత్తలేదు. అవి ఇంట్లో విన్నవే. "పెన్ను తియ్యి నాన్నా" అన్నాను.

రెండు జట్లూ సమానమనుకున్న మ్యాచ్‌కి యాప్‌లు ఇచ్చే రేటు చాలాసార్లు రెండు వైపులా 1.90 దగ్గర ఉంటుంది. వంద పెట్టి గెలిస్తే లాభం 90. ఓడితే పోయేది పూర్తిగా 100. సగం సరిగ్గా చెప్పినవాడు వంద పందేలకు 500 రూపాయలు పోగొట్టుకుని లేస్తాడు. పైసా నష్టం లేకుండా ఉండాలన్నా నూటికి దాదాపు 53 సరిగ్గా చెప్పాలి. మన పిల్లాడు 55 చెబుతున్నాననే అంటున్నాడు, అదే నిజమనుకుందాం. అప్పుడు వంద రూపాయల పందేనికి సగటున మిగిలేది నాలుగున్నర రూపాయలు.

మరి ఒక్కో పందేనికి ఎంత పెట్టాలి? దీనికి బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన కెల్లీ 1956లోనే సూత్రం చెప్పాడు. ఈ రేటుకి, ఈ గెలుపు శాతానికి అది చేతిలో ఉన్న డబ్బులో అయిదు శాతం. అంతకు మించి పెడితే రిస్కు పెరుగుతుంది గానీ డబ్బు పెరిగే వేగం తగ్గుతుంది. మన పిల్లాడి దగ్గరున్నవి పదివేలు. అంటే పందేనికి 500, సగటు లాభం ఇరవై రెండున్నర రూపాయలు. సీజన్‌లో 74 మ్యాచ్‌లకూ కాస్తే 1,665. రెండు నెలల పాటు రోజూ రాత్రి పదకొండున్నర దాకా మేలుకుని, పొద్దున పాలిటీ పుస్తకం ముందు కునికిపాట్లు పడితే వచ్చే జీతం అది. నెలకు ముప్పై వేలు రావాలంటే మూడున్నర లక్షలకు పైగా పెట్టుబడి కావాలి. "అంత పైసలుంటే బాపు అప్పే కట్టేటోన్ని మేడం" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇదంతా 55 నిజమనుకున్నప్పటి మాట. వందమందికి తలా ఒక నాణెం ఇచ్చి వందేసి సార్లు ఎగరెయ్యమంటే, వాళ్లలో దాదాపు పద్దెనిమిది మందికి 55, లేదా అంతకన్నా ఎక్కువసార్లు బొమ్మ పడుతుంది. వాళ్లకు పిచ్ గురించి ఏమీ తెలియదు. ఒక సీజన్ ఫలితాలు చూసి నాకు నేర్పు ఉందని ఎవరూ తేల్చుకోలేరు. నేర్పూ అదృష్టమూ విడిపోయి కనపడాలంటే వెయ్యి దాటి పందేలు కావాలి. అంతవరకూ ఈ పిల్లల దగ్గర డబ్బు నిలవదు. వరుసగా రెండు పోగానే మూడోసారి రెట్టింపు పెడతారు. వందతో మొదలుపెట్టి రెట్టిస్తూ పోతే ఎనిమిదో పందెం 12,800. అదీ పోతే మొత్తం 25,500 పోయినట్టు. 74 మ్యాచ్‌ల్లో ఎక్కడో ఒకచోట వరుసగా అయిదు తప్పే అవకాశం, తప్పకుండా ఉండే అవకాశం కన్నా ఎక్కువ. చేతిలో డబ్బు అయిపోగానే ముందు స్నేహితుల దగ్గర చేబదులు, తర్వాత లోన్ యాప్, ఆ తర్వాత కోచింగ్ ఫీజు పెంచారని ఇంటికి ఫోను.

గల్లీ బుకీ దగ్గర లెక్క ఇంకా మొరటుది. మొదటి ఆరు ఓవర్ల సెషన్‌కి 48-50 అని రేటు చెబుతాడు. యాభై కొడతారని ఒకడు కాస్తాడు, నలభై ఎనిమిది కూడా కొట్టరని ఇంకొకడు కాస్తాడు. స్కోరు 49 దగ్గర ఆగితే ఇద్దరి డబ్బూ బుకీదే. ఈ రెండు పరుగుల సందులోనే వాడి ఇల్లు గడుస్తుంది. వాడికి క్రికెట్ తెలియనక్కర్లేదు.

టెలిగ్రామ్‌లో ప్రిడిక్షన్ చెప్పేవాళ్లకూ తెలియనక్కర్లేదు. 1,024 మందిలో సగం మందికి ఈ జట్టు, సగం మందికి ఆ జట్టు అని పంపాలి. ఎవరికి తప్పిందో వాళ్లను వదిలేసి, మిగిలినవాళ్లకు మళ్లీ సగం సగం. అయిదు మ్యాచ్‌లయ్యేసరికి 32 మంది మిగులుతారు. వాళ్ల దృష్టిలో అతను వరుసగా అయిదు సరిగ్గా చెప్పిన మహాజ్ఞాని. ఆరో ప్రిడిక్షన్‌కు ఎంత అడిగినా ఇస్తారు. మా మేడమీద పిల్లల్లో కొందరు ఆ ముప్పై రెండు మంది లాంటి వాళ్లే.

పందేల మీద నిజంగా బతికినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. బిల్ బెంటర్ అనే అమెరికన్ పేకాటలో కార్డులు లెక్కపెట్టి ఆడుతున్నాడని క్యాసినోలు తలుపులు మూసేస్తే, 1980లలో హాంకాంగ్ వెళ్లి గుర్రప్పందేలకు కంప్యూటర్ మోడల్ కట్టాడు. మొదట్లో పోగొట్టుకున్నాడు. తర్వాత కోట్లు గడించాడు, ఆ పద్ధతి మీద 1994లో పేపర్ కూడా రాశాడు. కానీ అతని వెనక డబ్బుంది, జట్టుంది, గుర్రాల సమాచారం ఏళ్ల తరబడి పోగుచేసే మనుషులున్నారు. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ పందెం చట్టబద్ధం, గెలిచిన డబ్బు చేతికొస్తుంది. అనేక దేశాల్లో లైసెన్సున్న బుక్‌మేకర్లే నిలకడగా గెలిచేవాడి పందేలకు పరిమితి పెట్టేస్తారు. ఇక్కడ అక్రమ యాప్ మీ ఖాతా మూసేస్తే ఏ స్టేషన్‌కు వెళ్లి చెప్పుకుంటారు?

మా చిన్నప్పుడు మా వీధిలో ఒక పెద్దాయన మలక్‌పేట రేసులకు వెళ్లేవారు. గుర్రం తల్లీతండ్రీ, జాకీ బరువు, వానకు తడిసిన ట్రాక్, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. జీతంలో ఇంత అని ముందే పక్కన పెట్టి, అది అయిపోతే పందేలు కట్టించుకునే టోట్ కిటికీ దగ్గరికి వెళ్లేవారు కాదు. పోగైన డబ్బులోంచి తన వాటా తీసుకున్నాకే టోట్ గెలిచినవాళ్లకు పంచుతుందని ఆయనకు తెలుసు. రేసులకు పెట్టిన డబ్బును ఖర్చు కింద రాసేవారు, రాబడి కింద ఎప్పుడూ రాయలేదు. గుర్రప్పందెం నైపుణ్యమున్న ఆటే అని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. అది చట్టం చూసే చూపు. ఆటలో నైపుణ్యం ఉండటం వేరు, ఆ నైపుణ్యానికి జీతం రావడం వేరు.

తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనల్లో నటించేవాళ్లకూ శిక్ష ఉంది. ఆడినవాళ్లను మాత్రం ఈ చట్టం శిక్షించదు. నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే నిషేధం తలుపు మూస్తుంది గానీ, ఆ తలుపు దాకా పిల్లాణ్ని తెచ్చిన కారణాన్ని ముట్టుకోదు.

ఆ కారణం మా వీధుల్లోనే ఉంది. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు. జూన్‌లో మళ్లీ రాస్తే సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, నాలుగు లక్షలకు పైగా దరఖాస్తులు. అక్టోబరులో మెయిన్స్ వాయిదా వెయ్యమని పిల్లలు అశోక్ నగర్ రోడ్ల మీదికొస్తే పోలీసులు తరిమారు. 2025 సెప్టెంబరులో ర్యాంకులను సింగిల్ జడ్జి కొట్టేశారు, డివిజన్ బెంచ్ ఆ తీర్పు అమలును ఆపింది, నెలాఖరులో నియామక పత్రాలు ఇచ్చారు. ఇరవై మూడేళ్ల వయసులో మొదలుపెట్టినవాడికి ఇరవై ఆరు దాటింది. 2024 ఆగస్టులో శాసనసభలో పెట్టిన జాబ్ క్యాలెండర్ తేదీలూ జారిపోయాయి. క్రికెట్ మ్యాచ్ మూడున్నర గంటల్లో ఫలితం చెప్పేస్తుంది. ఇన్నేళ్లుగా ఎవరి దగ్గరా ఏ జవాబూ దొరకని పిల్లాడికి, నువ్వు చెప్పింది సరైందో కాదో అదే రాత్రి తేలిపోవడం ఎంత పెద్ద ఆకర్షణో పెద్దవాళ్లం అర్థం చేసుకోవాలి. డబ్బు కన్నా ముందు వాళ్లను పట్టుకునేది అదేనని నా నమ్మకం.

కాబట్టి సర్కారు వేసిన తేదీ సర్కారే నిలబెట్టాలి. కోచింగ్ సెంటర్లు పాచికలు, పేకముక్కలతో ప్రాబబిలిటీ ఎలాగూ చెబుతున్నాయి, 1.90 రేటు లెక్క కూడా చెప్పాలి. బాకీపడ్డ పిల్లాడు ఇంటికొచ్చి నోరు విప్పితే తల్లిదండ్రులు ఆ రాత్రికి తిట్టొద్దు, అన్నం పెట్టి వినండి. ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయేవాళ్లకు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం గేటు దగ్గర ఆ నంబరు పెద్ద అక్షరాలతో రాయించమని అధికారులను కోరుతున్నాను. అక్కడే ఆదివారం పొద్దున ఒక గంట, ఒక బోర్డు ఇస్తే ఈ లెక్కలన్నీ నేనే వచ్చి చెబుతాను.