నోరు మంచిదైతే ఆఫీసు మంచిది

ప్రశ్న: నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడర్‌ని. నా కింద పన్నెండు మంది పనిచేస్తున్నారు. ఏడాదిగా వారిలో ముగ్గురు తరచు జబ్బు పడుతున్నారు. ఒకతనికి గుండెదడ. మరొకతనికి ముప్పయ్యేళ్ళకే రక్తపోటు. ఒకమ్మాయికి నిద్ర పట్టదు, తలనొప్పి విడవదు. నేను ఎవరినీ తిట్టను. కాకపోతే అమెరికా నుంచి కబురు వస్తే రాత్రి పదకొండున్నరకు కూడా వీళ్ళకు మెసేజ్ పెడుతూ వుంటాను. మొన్న ఆ అమ్మాయి ఉద్యోగం మానేస్తూ, "ఫోన్ మోగితే ఒళ్ళు వణుకుతోంది సార్" అని చెప్పి వెళ్ళిపోయింది. వీళ్ళ జబ్బులకు నేను కారణమా? నన్నేం చేయమంటారు?
- ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో "నాకేమిటి జబ్బు?" అని అడిగేవే ఎక్కువ. "నావల్ల ఇంకొకరికి జబ్బు చేస్తోందా?" అని అడిగేవారు అరుదు. అడిగినందుకు మెచ్చుకుంటున్నాను. సూటిగా చెబుతాను. మొత్తం కారణం మీరు కాదు. కాని అందులో మీ వంతు వుంది.

ముందు వైద్యం సంగతి. గుండెదడ, తలనొప్పి అనగానే "అంతా టెన్షన్" అని కొట్టిపారేయకూడదు. రక్తహీనత వున్నా, థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడదడలాడుతుంది. కాబట్టి మీవాళ్ళను డాక్టరుకు చూపించుకోమనండి. రక్తపోటు రెండు మూడుసార్లు చూడాలి. ఇ.సి.జి., రక్తంలో చక్కెర, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. ఛాతీ మీద బరువు పెట్టినట్లుండి, చెమటలు పోసి, నొప్పి ఎడమ చేతికిగాని దవడకుగాని పాకితే "గ్యాస్ పట్టింది" అనుకుని కూర్చోవద్దు. ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్ళాలి. మీటింగు ఆగుతుంది, గుండె ఆగితే కష్టం.

ఇక ఆఫీసు సంగతి. బస్సు తప్పిపోతుందని పరుగెత్తే మనిషికి అడ్రినలిన్ అనే రసాయనం వూరి గుండె వేగం పెరుగుతుంది. బస్సెక్కి కూర్చున్నాక తగ్గుతుంది. అది సహజం. కాని రాత్రి పదకొండున్నరకు కూడా ఫోన్ ఎప్పుడు మోగుతుందోనని ఎదురుచూసే మనిషి ఎప్పటికీ బస్సు ఎక్కడు. పరుగెత్తుతూనే వుంటాడు. నిద్ర చెడుతుంది. రక్తపోటు దిగవలసిన వేళ దిగదు. మీరు తిట్టకపోయినా, ఆ మోతే తిట్టుగా పనిచేస్తుంది.

ఇది నా వూహ కాదు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారికన్నా పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ప్రమాదం 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన మన నగరంలోనే, హైదరాబాద్ విశ్వవిద్యాలయం వారు 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని వుంది! గంటల తరబడి కదలకుండా కూర్చోవటం, వేళగాని వేళ తిండి, చాలని నిద్ర ఈ కొవ్వును పెంచుతాయి.

గంటలు ఒక్కటే కాదు. లండన్‌లో ప్రభుత్వోద్యోగులను 1985 నుంచి ఏళ్ళ తరబడి గమనించిన వైట్‌హాల్ పరిశోధనలో, తమ పని మీద తమకు అదుపు లేనివారికి గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయి. ఏ పని ముందు, ఏది వెనక అన్న నిర్ణయంలో కొంతైనా స్వేచ్ఛ ఇవ్వటం కూడా ఆరోగ్య రక్షణే.

నా అనుభవం ఒకటి చెబుతాను. నేను హౌస్ సర్జన్‌గా వున్న రోజుల్లో మా పెద్ద డాక్టరుగారంటే వార్డు వార్డంతా వణికేది. ఒకరాత్రి రక్తం సీసా మీద వున్న గ్రూపు, రోగి కేస్ షీట్‌లోని గ్రూపు వేరుగా వున్నట్లు ఒక నర్సమ్మ గమనించింది. చెబితే ఆయన ఏమంటారోనని కొన్ని నిమిషాలు నోరు విప్పలేదు. ఆఖరికి నా చెవిలో చెప్పింది కాబట్టి రోగి బతికాడు. ఆ కొన్ని నిమిషాలు నేనిప్పటికీ మరచిపోలేదు. భయం మనుషులను జాగ్రత్తపరులను చేయదు, మూగవాళ్ళను చేస్తుంది.

అమెరికాలో ఏమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు ఆస్పత్రి వార్డులలో మందుల పొరపాట్లను లెక్కిస్తే, మంచి వార్డులలోనే ఎక్కువ పొరపాట్లు కనిపించాయి. ఆరా తీస్తే తేలినదేమిటంటే, వాళ్ళు ఎక్కువ తప్పులు చేయటం లేదు, దాచకుండా చెబుతున్నారు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆపరేషన్ జాబితాలో కూడా, కత్తి పట్టేముందు అందరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలని వుంది. ఒకసారి పేరు చెప్పుకున్నవాడు అవసరమైనప్పుడు నోరు విప్పుతాడు.

కనుక మీరు చేయవలసినవి:

1. రాత్రి తొమ్మిది దాటాక మెసేజ్ పెట్టకండి. తప్పనిసరి పని వుంటే ఎవరు ఏ రాత్రి చూడాలో వంతులు ముందే వేయండి. వంతు లేనివారు నిశ్చింతగా నిద్రపోవాలి. రాత్రి చూసినవారు మర్నాడు ఆలస్యంగా వస్తే ప్రశ్నించకండి.

2. మెచ్చుకోలు పదిమందిలో, దిద్దుబాటు తలుపు వేసుకుని. తప్పు దొరికినప్పుడు "ఎవరు చేశారు?" అని కాక, "ఎలా జరిగింది?" అని అడగండి. ముందుగా మీ పొరపాటు ఒకటి మీరే చెప్పండి.

3. భోజనం వేళ మీటింగు పెట్టకండి. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయనివ్వండి.

4. సెలవు అడిగినవారిని సంజాయిషీ అడగకండి. ఎవరైనా తమ జబ్బు మీతో చెప్పుకుంటే అది మీ దగ్గరే వుండాలి.

5. ఆడపిల్లలకు వేధింపులు ఎదురైతే చెప్పుకోవటానికి, పదిమంది, ఆపైన పనిచేసే ప్రతి ఆఫీసులోను అంతర్గత కమిటీ వుండాలని 2013 చట్టం చెబుతోంది. అందులో ఎవరున్నారో మీ అందరికీ తెలియాలి.

6. రాత్రి క్యాబ్ నడిపే డ్రైవరు, గేటు దగ్గర కాపలావాడు, ఊడ్చే అమ్మ కూడా మీ ఆఫీసువాళ్ళే. పేరు పెట్టి పలకరించండి. డ్రైవరుకు నిద్ర లేకపోతే ప్రమాదం మీ అందరిదీ.

నవ్వేవాడు మౌనంగా వుంటున్నా, తిండి మానేసినా, "నేనెందుకూ పనికిరాను" అంటున్నా పక్కకు పిలిచి అడగండి. చావు మాట నోట వస్తే ఒంటరిగా వదలకండి. వెంటనే ఇంటివారికి తెలియజేయండి, డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ 'టెలి మానస్' నంబరు 14416కు పగలుగాని రాత్రిగాని ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వెళ్ళటం నామోషీ కాదు.

మీపైన వున్నవారు ఒత్తిడి చేస్తే ఎలా అంటారేమో. ఆ ఒత్తిడి మొత్తం కిందకు దించకుండా కొంత మీ దగ్గర ఆపటమే మీ ఉద్యోగంలో పెద్ద పని. ఆపలేనంత వుంటే, గంటలు లెక్కవేసి, కాగితం మీద పెట్టి, పైవారికి చూపించండి. అన్నట్టు, మీ రక్తపోటు ఎప్పుడు చూపించుకున్నారు? ఉత్తరంలో ఆ మాట రాయలేదు!

నోరు మంచిదైతే వూరు మంచిదవుతుందని మన పెద్దలన్నారు. ఆ అమ్మాయికి ఒక్కసారి, పగటిపూట, ఫోన్ చేయండి. తిరిగి రమ్మని కాదు. ఎలా వున్నావమ్మా అని అడగటానికి.