పగటివేళ తెరవవలసిన తలుపులు

పింఛను ప్రభుత్వము దయదలచి యిచ్చు బహుమానము కాదనియు, ఉద్యోగి తన సేవచే ఆర్జించుకొన్న హక్కనియు 1982 డిసెంబరు 17వ తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది మొదలు, దేశమంతటను పింఛనుదారులు ఆ దినమును తమ పండుగగా జరుపుకొనుచున్నారు. ఆ తీర్పు వృద్ధుల ధనమునకు రక్షణ నిచ్చినది. వారి కాలము మాటయేమి? 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము సంక్షేమమును నిర్వచించుచు, ఆహారముతోను ఆరోగ్య రక్షణతోను సమానముగా వినోద కేంద్రములను పేర్కొన్నది. అయినను హైదరాబాదు పాతబస్తీలో లాల్ దర్వాజా నుండి మొగల్‌పురా వఱకు గల సందులలో కఱ్ఱ పట్టుకొని నడచు వృద్ధులలో, ఇల్లు వెడలి పది నిమిషములలో చేరదగిన అట్టి కేంద్రము ఎందఱికి అందుబాటులో నున్నదో అధికారులు మనసుపెట్టి ఆలోచింపవలెను.

పాతబస్తీకి ఒకప్పుడు ఈ ప్రశ్నయే పుట్టలేదు. ఇంటి ముంగిట అరుగు, ఉర్దూ మాటలాడు ఇండ్ల ముందు చబూత్రా, గుడి మండపము, మసీదు ప్రాంగణములో నీడపట్టు, ఒక్క కప్పు చాయకు గంటసేపు కూర్చున్నను విసుగుకొనని ఇరానీ హోటలు, ఇవన్నియు ఎవరి అనుమతియు అక్కఱలేని సభాస్థలములు. అక్కడనే సంబంధములు కుదిరినవి, తగవులు తీరినవి, ఆషాఢ బోనాలకు ఏర్పాట్లును, ముషాయిరాలో విన్న కవిత్వముపై చర్చలును సాగినవి. నేడు అరుగు లున్నచోట దుకాణములు వెలసినవి, వీధి యంతయు వాహనముల పాలైనది, హోటళ్లు పలుచోట్ల కూర్చుండువారికంటె కొనిపోవువారికే అనువుగా మాఱినవి. దీనికి ఎవరినీ నిందింపను. స్థలము వెల పెరిగినచోట తీరికకు చోటు తగ్గుట సహజము. సహజమైనంత మాత్రమున సమ్మతింపదగినది కాదు.

శాలిబండలో 1895లో స్థాపితమైన భారత గుణవర్ధక సంస్థ గ్రంథాలయమును ఈ సందర్భమున స్మరింపక తీరదు. మరాఠీ భాషాభిమానుల పూనికతో పుట్టి పలు భాషల పాఠకులకు ఆశ్రయమైన ఆ సంస్థ వంటివి, ముసలితనమున మనిషికి కావలసినది వినోదము మాత్రమే కాదనియు, తన మాటకు విలువ గల ఒక కూటమి యనియు మనకు నేర్పుచున్నవి. పఠన మందిరములో పత్రిక చదివిన మనిషి ఆ వార్తను ప్రక్కవానితో చర్చించును. చర్చించుటకై మఱునాడు మరల వచ్చును. రానినాడు అతని కేమైనదో అని విచారించు మనిషి యొకడు ఏర్పడును. ఒంటరి వృద్ధునికి ఇంతకు మించిన ఆరోగ్య బీమా నాకు కనబడదు. 1973లో ఫ్రాన్సుదేశపు తులూజ్ నగరమున విశ్రాంత జీవులకై ఒక విశ్వవిద్యాలయము వెలసి, ఆ భావము అనేక దేశములకు వ్యాపించినది. ఉస్తాదుల నగరమైన హైదరాబాదుకు అది ఎంతమాత్రమును పరాయిది కాదు.

ఉద్యోగ విరమణ యను మాట వినగానే మనకు అఱువది యొకటవ యేట పూలమాల వేయించుకొను ప్రభుత్వోద్యోగియే తోచును. లాడ్ బజారుకు లక్కగాజులు చేసిన చేతులకును, జర్దోజీ కుట్టిన కన్నులకును ఆ మాల లేదు. వ్రేళ్లు వణకిననాడే, చూపు మందగించిననాడే వారి విరమణ. జీవితమంతయు పనివారి నడుమ మాటలాడుచు గడపిన ఆ మనుష్యులు ఒక్కసారిగా నాలుగు గోడల మధ్య మౌనమున పడుచున్నారు. ఇక స్త్రీల సంగతి: 2011 జనగణనలో అఱువది దాటిన వారిలో పురుషులకంటె స్త్రీలే అధికులు, అయినను అరుగుగాని హోటలుగాని ఏనాడును వారిది కాలేదు. వంటింటి బాధ్యత కోడలికి అప్పగించిన పిదప, సాటి స్త్రీలతో నవ్వుకొనుటకు ఏ శుభకార్యమో, పరామర్శయో రావలసినదే. వృద్ధులకు మనుమలును దైవధ్యానమును చాలునని చెప్పువారు, ఆ మాటను ఆ స్త్రీలనే ఒకసారి అడిగి చూతురుగాక.

క్రొత్త భవనములు కట్టుమని నేను కోరుట లేదు. పాతబస్తీలో పెండ్లిండ్లు ఎక్కువగా రాత్రులందు జరుగును. కావున ఫంక్షన్ హాళ్లు పగలెల్ల చాలవఱకు తాళము వేసియే యుండును. పురపాలక సంస్థ సముదాయ భవనములను మొదట తెరచి, పిదప ఈ హాళ్ల యజమానులతో మాటలాడి, వారమునకు రెండు పగళ్లు వృద్ధులకు ఇప్పింపవచ్చును. 1900లో నిర్మితమైన సర్దార్ మహల్‌ను సాంస్కృతిక కేంద్రముగా తీర్చిదిద్దు సంకల్పములో, క్రింది అంతస్తున ఒక్క గది వీరి పేర వ్రాయవలెను. చదరంగము, పత్రికలు, ఒక హార్మోనియము, మెట్లు లేని ద్వారము, శుభ్రమైన మరుగుదొడ్డి. స్త్రీలకు ప్రత్యేకమైన దినము, ఆ దినమేదో వారే నిర్ణయించుకొను స్వాతంత్ర్యము. తాళపుచెవి మాత్రము గుమాస్తా చేతిలో కాక, ఆ వృద్ధులే ఎన్నుకొన్న సంఘము చేతిలో నుండవలెను.