మిద్దెమీది యాంటెన్నా నెన్నుకొను విధము

ఏ పనిముట్టునైనను కొనుటకు ముందు దానితో చేయవలసిన పని యేదియో తెలిసికొనుట వివేకుల లక్షణము. మన కందకుర్తిలో గోదావరి, మంజీర, హరిద్ర కలియుచోట వల వేయువాడు మొదట నీటి పోకను, చేపల పరిమాణమును గమనించి, పిమ్మట తగిన కన్నుల వలను విప్పును. టెలివిజను యాంటెన్నాయు నట్టి వలయే. అది పట్టవలసిన తరంగ మెచ్చటినుండి వచ్చుచున్నదో, దాని పొడవెంతయో విచారింపక, అంగడివాని మాటను నమ్మి పెద్దదానిని, వెల హెచ్చుదానిని కొనువారు ధనమును వ్యర్థము చేసికొందురని మా యభిప్రాయము.

ఒకప్పుడు మిద్దెలపై చేపముల్లువంటి యల్యూమినియపు చట్రములు నిలిచియుండెడివి. ఈ రూపమును 1926లో జపాను దేశమున యాగి, ఉదా యను శాస్త్రజ్ఞులు కల్పించిరి. అందు తరంగమును పట్టు కడ్డీ పొడవు ఆ తరంగపు పొడవులో సుమారు సగముండును. 1959లో ఢిల్లీలో మొదలైన టెలివిజను ప్రసారములు 1977లో హైదరాబాదు దూరదర్శను కేంద్రము వలన మన భాషలో వ్యాపించెను. ఆ దినములలో నీ చట్రములు మిక్కిలి యుపయుక్తములే. కాని యా తరంగములు తిన్నగా పోవును. భూమి గుండ్రముగా నుండుటచే కొంతదూరమునకు మరుగుపడును. 100 మీటర్ల గోపురమునుండి వెడలిన తరంగమును 10 మీటర్ల స్తంభముపై నున్న యాంటెన్నా సుమారు 55 కిలోమీటర్ల వరకే చక్కగా నందుకొనగలదు. హైదరాబాదు మనకు సరళరేఖలో సుమారు 170 కిలోమీటర్ల దూరమున నున్నది. స్తంభము నెంత పెంచినను ఈ కొరత తీరదు.

అంతేగాక, ప్రసారభారతి సంస్థ ముఖ్యస్థలములలోని సుమారు 50 తప్ప తక్కిన పాతపద్ధతి ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చి నాటికి నిలిపివేయ నిశ్చయించెను. డిజిటల్ పద్ధతిలో నేలపైనుండి చేయు ప్రసారములు 2016లో 16 నగరములందు మొదలైనవి గాని, అవి నగరముల పరిసరములకే చెల్లును. ఇట్టిచో 'డిజిటల్ యాంటెన్నా' యని పేరు వ్రాసిన చట్రమును కొని నిలుపుట యెండిన చెరువులో వల వేయుటయే. లోహపు కడ్డీకి తరంగపు పొడవుతోనే సంబంధము. అందు వచ్చు చిత్రము పాతపద్ధతిదో డిజిటలో దానికి నిమిత్తము లేదు.

అట్లయిన మన మిద్దెకు తగిన దేది? చిన్న డిష్షు. 2004 డిసెంబరులో 33 చానళ్లతో ఆరంభమై, తరువాత డీడీ ఫ్రీ డిష్ అను పేరు పొందిన ప్రసారమునకు నెలసరి రుసుము లేదు. భూమధ్యరేఖకు సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నున్న జీశాట్-15 ఉపగ్రహమునుండి యది దిగివచ్చును. ఆ తరంగముల పొడవు మూడు సెంటిమీటర్లకు లోపుగనే యుండును గావున రెండడుగుల డిష్షు చాలును. కందకుర్తినుండి చూచిన నా యుపగ్రహము ఆగ్నేయ దిక్కున, ఆకాశమున సుమారు 60 డిగ్రీల యెత్తున నుండును. డిష్షు ముఖము మాత్రము అంతకంటె క్రిందికి చూచుచున్నట్లు తోచును. అది దాని నిర్మాణమువలన కలుగు భ్రాంతి. కాబట్టి వేపచెట్టు కొమ్మ యడ్డమో కాదో తెలిసికొనుటకు డిష్షు ముఖమును గాక ఆకాశమును చూడవలెను.

కొనువారు మరి మూడు విషయములు గమనింపవలెను. మొదటిది, బిగింపు. అంచు రెండు సెంటిమీటర్లు కదలినను చిత్రము చెదరును. కోతులు మిద్దెలపై తిరుగు మన యూళ్లలో బోల్టులు గట్టిగా నుండవలెను. రెండవది, పెట్టె. పాత పెట్టెలకు కొన్ని చానళ్లు రావు. ఎంపెగ్-4 పద్ధతి పెట్టెను కొనుట మేలు. మూడవది, వాన. కుండపోతగా కురియునపుడు చిత్రము కొంతసేపు నిలిచిపోవుట సహజము; దానికి యంత్రమును నిందింపరాదు.

ఇది వినోదమునకు సంబంధించిన యల్పవిషయమని కొంద రనుకొనవచ్చును. మే మట్లు తలపము. 2020లో మహమ్మారివలన పాఠశాలలు మూతపడినపుడు, సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణ విద్యార్థులకు పాఠములు డీడీ యాదగిరి, టీ-శాట్ చానళ్ల ద్వారా వచ్చెను. నాడు మిద్దెపై తగిన యాంటెన్నా గల యింట బడి నడచెను. లేని యింటి బాలుడు పొరుగువారి గుమ్మమునో, తండ్రి చేతిలోని ఫోనునో యాశ్రయింపవలసివచ్చెను. 1937లో స్థాపితమైన బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతబడిన పిమ్మట, దానిపై నాధారపడిన చెరకు రైతులకును కూలీలకును నెలసరి రుసుము తేలికయైన భారము కాదు. ఒక్కమారు కొన్న డిష్షు ఏండ్లతరబడి రుసుము లేక పనిచేయుట వారికి నిజమైన మేలు.

ఫ్రీ డిష్‌లో ప్రైవేటు తెలుగు చానళ్లు కొద్దియే యను మాట సత్యమే. అవి కావలసినవారు రుసుము చెల్లించి కేబులు పెట్టించుకొందురు గాక. చేతిలో ఫోనుండ డిష్షేల యనువారును గలరు. తండ్రి పొలమునకు పోవునపుడు ఆ ఫోనును వెంటగొనిపోవును. డిష్షు ఇంటనే యుండి పిల్లలందరికి నొక్కసారిగ పాఠము చూపును. బడికి పంపు తలిదండ్రులు ముందుగా ఉచితమైనదానిని నిలిపి, పిదప మిగిలినదానిని గూర్చి యోచింపవలెనని మా మనవి.

పై తరగతుల విద్యార్థులారా! దిక్సూచితో ఆగ్నేయమును గుర్తించుట, కోణమును కొలుచుట మీరు చదువుచున్న గణితమే. దానిని ఇరుగుపొరుగు మిద్దెలపై ప్రయోగించి చూడుడు. తలిదండ్రుల యనుమతితో, పిట్టగోడ గల మిద్దెపై మాత్రమే, ఉరుములు లేని వేళ. మీ చదువు పొరుగింటి పిల్లవానికి పాఠము వినిపించెనేని, దానికంటె మంచి పరీక్షాఫలము మరి యొకటి యుండదు.