నరకం ఖాళీ అవుతుందా?

వనపర్తి దగ్గరి ఒక పల్లెలో ఒక వృద్ధ విశ్వాసురాలి సమాధి కార్యక్రమం ముగించుకుని మేము బయల్దేరుతున్నాం. ఆమె కూతురు ఎదురొచ్చి అడిగింది. "అయ్యగారూ, మా అమ్మ ప్రభువు దగ్గరికి పోయిందన్నరు. మా నాయన బాప్తిస్మం తీసుకోకుండనే బొంబాయిల పనికాడ సచ్చిపోయిండు. మరి ఆయన యాడున్నట్టు?" ఆ రోజు ప్రార్థన చేసి వచ్చేశామే గాని, ఆమెకు జవాబు చెప్పలేకపోయాం.

పాలమూరు నుంచి వలస వెళ్లి తిరిగిరాని వారెందరో! ఒకే ఇంట్లో కొందరు విశ్వాసులు, కొందరు కానివారు ఉండటం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సంఘాలన్నిటికీ తెలిసిన సంగతే. అందుకే 'చివరికి అందరూ రక్షింపబడతారా?' అన్న ప్రశ్న మనకు పండితుల చర్చ కాదు, ఇంటి దుఃఖం.

ప్రపంచ క్రైస్తవ్యం కూడా ఇప్పుడు ఈ ప్రశ్ననే చర్చిస్తోంది. 2011లో అమెరికా పాస్టర్ రాబ్ బెల్ రాసిన పుస్తకం సంఘాలను రెండుగా చీల్చినంత పని చేసింది. 2019లో ఆర్థడాక్స్ పండితుడు డేవిడ్ బెంట్లీ హార్ట్ అందరూ రక్షింపబడి తీరతారని బల్లగుద్ది వాదించాడు. 2024 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ ఒక టీవీ కార్యక్రమంలో నరకం ఖాళీగా ఉందనుకోవడమే తనకిష్టమని, అయితే అది సిద్ధాంతం కాదని, తన సొంత భావన మాత్రమేనని చెప్పారు. ఈ మాటలన్నీ సెల్‌ఫోన్ల ద్వారా మన యౌవనస్థులకు చేరుతున్నాయి. 'అందరూ పరలోకానికి వెళ్లేట్లయితే సువార్త ఎందుకు?' అని వారడుగుతుంటే, పెద్దలు కోప్పడి నోరు మూయిస్తున్నారు. కోపం జవాబు కాదు.

ఇది కొత్త వివాదమేమీ కాదు. మూడవ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన ఓరిజెన్ దేవుడు చివరికి సమస్తాన్నీ తనవైపు తిప్పుకుంటాడని బోధించాడు. 553లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ ఆయనను దుర్బోధకుల జాబితాలో చేర్చింది. 1530 నాటి లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం, నరకశిక్షకు ముగింపు ఉందని బోధిస్తున్నారంటూ అనబాప్టిస్టులను ఖండించింది. నిజానికి వారిలో అత్యధికులు అలా బోధించలేదు. ఆ అనబాప్టిస్టుల వారసులే మెన్నొనైట్లు. 1899లో అమెరికా నుంచి హైదరాబాద్ సంస్థానానికి వచ్చి, తర్వాత నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రాంతాల్లో సంఘాలు కట్టిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు మాత్రం పరలోకాన్నీ నరకాన్నీ స్పష్టంగా ప్రకటించినవారే.

మరి వాక్యమేమంటోంది? మనుష్యులందరూ రక్షణ పొందాలన్నదే దేవుని ఇష్టమని పౌలు రాశాడు (1 తిమోతి 2:4). క్రీస్తు సిలువ రక్తం ద్వారా సమస్తమూ దేవునితో సమాధానపరచబడుతుందనీ రాశాడు (కొలస్సీ 1:20). ఇవి నిరీక్షణకు తలుపు తెరిచే వచనాలు. కాని యేసుప్రభువే నిత్యశిక్షను గురించి, నిత్యజీవాన్ని గురించి ఒకే వచనంలో మాట్లాడాడు (మత్తయి 25:46). రెంటికీ అక్కడున్న గ్రీకు మాట ఒక్కటే. జీవానికి అంతం లేదని నమ్మి, శిక్షకు మాత్రం అంతముందని ఎలా అనగలం? ఆ మాటకు 'రాబోయే యుగానికి చెందిన' అనే అర్థం ఉందని అవతలివారంటారు. ఆ అర్థాన్ని ఒప్పుకున్నా ప్రభువు హెచ్చరిక తేలిక కాదు. ఎవరికీ ప్రమాదం లేకపోతే ఆయన అంతగా హెచ్చరించడమెందుకు?

అలాగని మనిషి గీసిన గీతే దేవుని గీత అనుకోకూడదు. 1932లో మన తెలుగు నేలపైనే పుట్టి, 1960వ దశకంలో ఇక్కడే మిషనరీగా పనిచేసిన పాల్ హీబర్ట్ 1978లో ఒక ప్రశ్న వేశాడు. పాపయ్య అనే చదువురాని రైతు పొద్దంతా పొలంలో పనిచేసి ఊరికి తిరిగొస్తూ, ఒక కొత్త మనిషి నోట తొలిసారి యేసును గురించి విని, తలవంచి ప్రార్థించాడనుకుందాం. ఒక్కసారి విన్నంత మాత్రాన అతడు క్రైస్తవుడవుతాడా? అవుతాడు అనే హీబర్ట్ జవాబు. అతనికి ఎంత తెలుసు, గీతకు ఇవతలున్నాడా అవతలున్నాడా అన్నది కాదు, అతని ముఖం క్రీస్తువైపు తిరిగిందా లేదా అన్నదే ముఖ్యమని ఆయన వివరించాడు. అందరూ రక్షింపబడతారని హీబర్ట్ చెప్పలేదు. ఎవరి ముఖం ఎటు తిరిగిందో లెక్కగట్టే పని మాత్రం మనది కాదని ఆయన మాటలనుబట్టి మేము గ్రహించాం.

రక్షణ పొందేవారు కొద్దిమందేనా అని ఒకడు ప్రభువును అడిగాడు (లూకా 13:23). ఆయన లెక్క చెప్పలేదు, 'ఇరుకు ద్వారాన ప్రవేశించడానికి నువ్వు పోరాడు' అనే భావంతో ప్రశ్నను అడిగినవాడి వైపే తిప్పాడు. ఇతరుల గమ్యాన్ని గురించిన కుతూహలం మన సొంత మారుమనస్సుకు బదులు కాజాలదు.

ఇక్కడ సేవకులమైన మేము కూడా ఒక తప్పు ఒప్పుకోవాలి. శవం ముందు కూర్చుని ఏడుస్తున్న అన్యబంధువులకు నరకాన్ని చూపించి భయపెట్టిన సందర్భాలున్నాయి. అది సువార్త కాదు. 'ఎలాగూ అందరూ రక్షింపబడతారు' అని పొరుగువానికి సువార్త చెప్పకుండా నిద్రపోవడం కూడా ప్రేమ కాదు. నరకాన్ని గురించి మాట్లాడితే కన్నీళ్లతో మాట్లాడాలి, లేకపోతే మౌనంగా ఉండాలి.

కొన్ని వారాల తర్వాత మేము ఆ సహోదరి ఇంటికి మళ్లీ వెళ్లాం. "అమ్మా, మీ నాయన ఎక్కడున్నాడో మాకు తెలియదు. క్రీస్తు లేకుండా ఎవరికీ రక్షణ లేదని మాత్రం తెలుసు. చివరి ఘడియలో మీ నాయన మనసులో ఏముందో చూసినవాడు ఆ క్రీస్తొక్కడే. సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు అన్యాయం చేయడని అబ్రాహాము నమ్మాడు. మనమూ నమ్ముదాం" అన్నాం. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఇంకా ప్రభువును ఎరగని తన తమ్ముని కోసం ప్రార్థన చేయమంది.

చనిపోయినవారిని న్యాయవంతుడైన దేవుని చేతికి అప్పగించి, బతికున్నవారి దగ్గరికి వెళ్దాం. మనకప్పగించిన పని అదే!